థాయ్‌లాండ్ 90 రోజుల రిపోర్టు: ఆన్‌లైన్‌లోనా, ఆఫీసుకెళ్లా?

లాంగ్ స్టే వీసా మీద థాయ్‌లాండ్‌లో వరుసగా 90 రోజులు దాటి ఉంటే మీ చిరునామా ఇమ్మిగ్రేషన్‌కు తెలపాలి. ఫారం పేరు టీఎం 47. ఇది వీసా పొడిగింపు కాదు. ఈ విషయంలో చాలామంది పొరబడతారు.

ఖర్చు: రెండింటికీ ఫీజు లేదు. ఆఫీసుకైతే దారి ఖర్చులు, పోయిన పని గంటలు అదనం.

గడువు: అసలు తేడా ఇదే. ఆఫీసులో గడువు తేదీకి 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తర్వాత వరకు తీసుకుంటారు. ఆన్‌లైన్‌లో ఆ చివరి వెసులుబాటు లేదు, గడువుకు ముందే పంపాలి. ఆలస్యమైతే జరిమానా మామూలుగా 2,000 బాత్.

రిస్కు: ఆన్‌లైన్ దరఖాస్తు పెండింగ్‌లో పడొచ్చు, తిరస్కరించొచ్చు. మీరు ఆ ఇంట్లో ఉంటున్నారని ఇంటి యజమాని ఇవ్వాల్సిన టీఎం 30 నమోదు సరిగా ఉందో లేదో ముందే చూసుకోండి. కౌంటర్ దగ్గరైతే తప్పేమిటో అక్కడికక్కడే చెబుతారు, తర్వాతి తేదీ రాసిన చీటీ చేతికిస్తారు. ఆ చీటీ ఇచ్చే నిశ్చింత చిన్నది కాదు.

పాస్‌పోర్టు మారినా, మొదటిసారి రిపోర్టు చేస్తున్నా ఆఫీసుకే వెళ్లండి. చిరునామా మారకుండా, పాత రికార్డు సాఫీగా ఉంటే ఆన్‌లైన్ చాలు. అయితే రిపోర్టులు తీసుకోవడం మొదలైన తొలి రోజుల్లోనే పంపండి, తిరస్కరించినా ఆఫీసుకెళ్లే టైం మిగులుతుంది. ఈలోగా దేశం దాటి వస్తే లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలవుతుంది.