పాత గిటారు: చెన్నై వెళ్లి కొనాలా, ఫోనులో కొనాలా?

భీమవరం, అమలాపురం వైపు పాత గిటారు మీద మనసు పడినవారికి ఒకప్పుడు ఈ సందేహమే లేదు. సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లారేసరికి చెన్నైలో దిగడం, మౌంట్ రోడ్డులో 1842 నాటి మ్యూజీ మ్యూజికల్ వాయిద్యాల దుకాణంతో మొదలుపెట్టి కాళ్లు నొప్పెట్టేదాకా తిరగడం, అంతే.

ఖర్చు: వెళ్తే రానుపోను ఛార్జీలు, భోజనం, ఒక రోజు సెలవు. ఫోనులో అయితే పార్సిల్ ఖర్చు. విదేశీ సరుకైతే సుంకం అదనం. బ్రెజిల్ రోజ్‌వుడ్ కలప వాడిన గిటార్లకు 1992 నుంచి అంతర్జాతీయ ఆంక్షలూ ఉన్నాయి.

శ్రమ: ఫోనుదే గెలుపు.

నష్టభయం: అసలు తేడా ఇక్కడే. దుకాణంలో ఒకే తీగను మొదటి మెట్టు (గిటారు మెడ మీది అడ్డకమ్మీ) దగ్గరా, పద్నాలుగో మెట్టు దగ్గరా నొక్కి పట్టి, మధ్యలో సందు చూస్తే మెడ వంపు తెలిసిపోతుంది. బ్రిడ్జి (గిటారు పొట్ట మీద తీగలు కట్టే చెక్క ముక్క) అంచు కింద కాగితం దూరితే జిగురు వదులుతున్నట్టే. ఫోటోలో ఇవేవీ కనిపించవు, మెరుపు తప్ప. ఆ మెరుపు చూసే నేనొకటి తెప్పించాను. మన డెల్టా తేమకు ఒక్క వానాకాలంలోనే బ్రిడ్జి లేచింది.

నేర్చుకోవడానికి చవకది చాలనుకుంటే, వాపసు షరతు చూసుకుని ఫోనులోనే కొనండి. పాతకాలపు ఖరీదైన వాయిద్యమైతే రైలు టికెట్టు తీయండి, సంచిలో ఒక కాగితం ముక్క వేసుకుని.