ఎముకా, జింక కొమ్మా, సెల్యులాయిడా? పాత అమెరికన్ జేబు చాకుకు ఏ పిడి మేలు?

ఈ ఏడాది నాకు వచ్చిన ప్రశ్నల్లో సగం ఒక్కటే. "అన్నా, పాత కేస్ (అమెరికన్ కత్తుల కంపెనీ) చాకు ఒకటి కొందామనుకుంటున్నాను. ఎముక పిడిది తీసుకోనా, స్టాగ్‌ది (జింక కొమ్ముది) తీసుకోనా?" అడిగేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే అమెరికాలో ఉంటూ, శనివారం వస్తే ఫ్లీ మార్కెట్లు, ఎస్టేట్ సేల్స్ తిరిగే మనవాళ్లు. పోయిన నెల నాకూ సరిగ్గా ఈ ప్రశ్నే ఎదురైంది. అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊరి కత్తుల ప్రదర్శనకు వెళ్లాను. ఒక పెద్దాయన బల్ల మీద నల్ల గుడ్డ పరిచి రెండు కేస్ ట్రాపర్లు (రెండు పొడవాటి బ్లేడుల చాకులు) పక్కపక్కన పెట్టాడు. ఒకటి 6254, ఇంకొకటి 5254. రెండింటి టాంగ్ (బ్లేడు పిడిలోకి చేరే మొదలు భాగం) మీదా కేస్ డబుల్ ఎక్స్ కింద యు.ఎస్.ఎ. అని ఉంది. అంటే 1965 నుంచి 1969 లోపు చేసినవి. మూసినప్పుడు నాలుగంగుళాల పైచిలుకు పొడవు, ఒక క్లిప్ బ్లేడు (మొనదేలినది), ఒక స్పే బ్లేడు (మొన మొద్దుగా ఉండేది), నికెల్ సిల్వర్ బోల్‌స్టర్లు (పిడి చివర్ల లోహపు తొడుగులు), ఇత్తడి లైనర్లు (పిడి లోపలి రేకులు), అన్నీ ఒకటే. తేడా అంతా పిడిలోనే. స్టాగ్‌కి ఆయన దాదాపు రెట్టింపు చెప్పాడు. ముప్పావుగంట రెండింటినీ మార్చి మార్చి చూసి ఎముకది తెచ్చుకున్నాను. ఆ రోజు స్టాగ్‌కి సరిపడా డబ్బు కూడా జేబులో ఉంది.

కేస్ అంకెలు చదవడం మీలో చాలామందికి వచ్చు. మొదటి అంకె పిడిది, రెండోది బ్లేడుల లెక్క, మిగతావి ప్యాటర్న్. 5 స్టాగ్, 6 గాట్లు చెక్కిన ఎముక, 3 పసుపు కాంపోజిషన్ (కృత్రిమ పదార్థం), 8 ముత్యపుచిప్ప. అయితే 6 ఉన్నంత మాత్రాన ఎముక అని నమ్మేయకండి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఎముకకు కటకట వచ్చినప్పుడు వేసిన రఫ్ బ్లాక్ అనే నల్లటి గరుకు పిడికీ అదే 6 వాడారు, 1967 నుంచి వచ్చిన డెల్రిన్ అనే ప్లాస్టిక్‌కీ అదే 6. రెమింగ్టన్ అనే ఇంకో అమెరికన్ కంపెనీ పద్ధతి వేరు. వాళ్లకు చివరి అంకె పిడిది. ఆర్1123లో ఆఖరి 3 ఎముక, 4 ముత్యపుచిప్ప, 5 పైరమైట్ (సెల్యులాయిడ్ అనే తొలినాటి ప్లాస్టిక్‌కు వాళ్లు పెట్టుకున్న పేరు), 6 స్టాగ్. కేస్ అలవాటుతో రెమింగ్టన్ 6ని ఎముక అనుకుని మంచి స్టాగ్ చాకును వదులుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఇక అసలు విషయం. పిడి కొత్తలో ఎంత అందంగా ఉండేదన్నది నాకు ముఖ్యం కాదు. యాభై అరవై ఏళ్లలో అది ఎలా పాతబడిందో చూస్తాను. పిడిని బట్టే చాకు నిజం చెబుతుందో లేదో తెలుస్తుంది, రేపు మన దగ్గర క్షేమంగా ఉంటుందో లేదో కూడా తెలుస్తుంది. ఈ లెక్కన ఎముకకు సాటి లేదు.

నేను తెచ్చిన 6254నే చూడండి. ముందు బోల్‌స్టర్ దగ్గర, బొటనవేలు ఆనే చోట, గాట్లు అరిగి గులకరాయిలా నున్నబడ్డాయి. వెనక్కి వెళ్లేకొద్దీ గాట్లు లోతుగా ఉన్నాయి, వాటి అడుగున ఎర్రటి గోధుమరంగు చిక్కగా నిలిచి ఉంది. మిట్టల మీద మాత్రం రంగు తేలిపోయి తేనెలా మారింది. ఎముకకు వేసే రంగు పైపొరలోకే దిగుతుంది. చెయ్యి, జేబు గుడ్డ రాసుకుని పైపొర అరిగితే కింది లేత ఎముక బయటపడుతుంది. ఒక పక్క అరుగు ఎక్కువ, రెండో పక్క తక్కువ. ఎవరో దీన్ని ఏళ్ల తరబడి జేబులో ఒకే తీరుగా పెట్టుకున్నారన్నమాట. క్లిప్ బ్లేడు సానపట్టీ సానపట్టీ కాస్త సన్నబడింది, స్పే బ్లేడు దాదాపు కొత్తదిలా ఉంది. పిడి అరుగూ బ్లేడు అరుగూ ఒకే మాట చెబుతున్నాయి. పాత చాకులో నేను వెతికేది ఇదే.

ఈ పొంతన కుదరకపోతే ఏమవుతుందో నేర్చుకోవడానికి నాకు డబ్బు ఖర్చయింది. ఏడేళ్ల కిందట ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర కేస్ టెస్టెడ్ ముద్ర చాకు కొన్నాను. 1920 నుంచి 1940 వరకు వాడిన ముద్ర అది. పిడి ఆకుపచ్చ ఎముక అన్నాడు. కేస్ 1950ల మధ్య వరకు వాడిన ఆ ఆకుపచ్చ ఎముక అంటే సేకరించేవాళ్లు ప్రాణం పెడతారు, నేనూ అంతే. ఫొటోలు చూసి మురిసిపోయాను. చాకు చేతికొచ్చాక చూస్తే పెద్ద బ్లేడు పావువంతు అరిగిపోయింది, పిడి గాట్లు మాత్రం నిన్న చెక్కినట్టు వేలికి గుచ్చుకుంటున్నాయి. మిట్టల మీదా పల్లాల్లోనూ ఆకుపచ్చ ఒకే మోతాదులో ఉంది. తర్వాత ఒక రిపేరు మనిషి విప్పి చూపిస్తే, ఇత్తడి లైనర్‌లో పాత పిన్ రంధ్రాలు ఒక జత, వాటి పక్కనే కొత్తవి ఒక జత కనబడ్డాయి. బ్లేడు అసలుదే, పిడి కొత్తగా వేసింది. ముద్రను ఒక్కదాన్నే చూసి కొన్నాను, పిడిని చదవలేదు.

ఎముక పిడిలో ఉన్న లోపాలూ చెప్పాలి. పిన్ చుట్టూ వెంట్రుకంత పగుళ్లు రావడం మామూలే. ఇక్కడి చలికాలంలో హీటర్ నడిచి ఇంట్లో గాలి ఎండిపోతే అవి పెరుగుతాయి. కొనేముందు పిన్ దగ్గర గోటితో రాసి చూడండి. గోరు తట్టుకుంటే అది పగులే. ఆ పగులు బోల్‌స్టర్ దాకా పాకితే ధర సగానికి పడిపోతుంది. పిన్ దగ్గరే ఆగిపోయినదైతే నేను పట్టించుకోను.

ఇప్పుడు స్టాగ్. ఆ పిడి అందాన్ని ఎవరూ కాదనలేరు. పైన బెరడులా గరుకు చాళ్లు, వాటి మధ్య దంతంలాంటి తెలుపు, ఏ రెండు ముక్కలూ ఒకేలా ఉండవు. అమెరికన్ చాకుల మీద ఉన్న మంచి స్టాగ్ చాలావరకు మన కణుజు (సాంబర్ జింక) కొమ్మే. ఏటా అడవిలో రాలిపోయే కొమ్ములను ఏరి, భారత్ నుంచి ఓడల మీద ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌కీ అమెరికాకీ పంపేవాళ్లు. అమెరికాలో జింకలకు, ఎల్క్‌లకు కొదవ లేదు కదా అనుకోవచ్చు. కానీ వాటి కొమ్ము లోపల స్పాంజిలాంటి గుల్ల ఎక్కువ, కణుజు కొమ్ములో ఆ గుల్ల తక్కువ, గట్టి భాగం ఎక్కువ. మన నల్లమలలో తిరిగే జంతువు కొమ్ము కేస్ ఫ్యాక్టరీ ఉన్న బ్రాడ్‌ఫర్డ్‌లో చాకు పిడి అయిందని మొదటిసారి తెలిసినప్పుడు, చేతిలో ఉన్న ఆ చాకును చాలాసేపు కింద పెట్టలేకపోయాను. భారత్ నుంచి ఎగుమతి ఆగిపోయాక పాత స్టాగ్ ధర పెరుగుతూనే ఉంది.

మరి నేనెందుకు వదిలేశాను? కొమ్ము తన చరిత్ర చెప్పదు. దాని గరుకు పుట్టుకతో వచ్చింది. ఎక్కడ చెయ్యి అరగదీసింది, ఎక్కడ ఫ్యాక్టరీలో సానరాయి మీద పల్చన చేశారు అన్నది తేల్చడం కష్టం. ఆ 5254లో ముందు పక్క బెరడు బ్రహ్మాండంగా ఉంది, తిప్పితే వెనక పక్క సగం పాలిపోయి చదునుగా ఉంది. అది వాడకమా, అసలు ముక్కే అంతా? నాకు తేలలేదు. పైగా కొమ్ము ఏళ్లు గడిచేకొద్దీ కుంచించుకుపోతుంది. వెనక బోల్‌స్టర్ దగ్గర గోరు దూరేంత సందు కనబడింది. అందం కోసం, గాజు పెట్టెలో పెట్టుకోవడం కోసం కొనేవాళ్లకు స్టాగ్ మంచి ఎంపికే, రెండు పక్కలా బెరడు సమానంగా ఉన్నది దొరికితే డబ్బుకు వెనకాడకండి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఎప్పటికైనా ఇండియాకు తీసుకెళ్లే ఉద్దేశం ఉంటే స్టాగ్ జోలికి, దంతం జోలికి పోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో తలనొప్పి కొనితెచ్చుకోవద్దు.

సెల్యులాయిడ్ సంగతి కాస్త గట్టిగానే చెబుతాను. రంగుల విషయంలో దీని ముందు ఏదీ నిలవదు. చారల మిఠాయిలాంటివి, పగిలిన మంచులా మెరిసేవి, తాబేటి చిప్పను తలపించేవి, ఎన్ని రకాలో. 1869లో జాన్ వెస్లీ హయట్ బిలియర్డ్స్ బంతులకు ఏనుగు దంతానికి బదులుగా ఏదైనా దొరుకుతుందేమోనని వెతుకుతూ దీన్ని చేశాడు. ఇందులో ఉండేది నైట్రేట్ చేసిన సెల్యులోజు, కర్పూరం. పిడిని బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి, దేవుడి గదిలో హారతి పళ్లెం దగ్గర నిలబడినట్టుంటుంది. గుర్తుపట్టడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు. నిప్పు పరీక్ష మాత్రం ఎవరు చెప్పినా చేయకండి, భగ్గుమంటుంది.

మూడేళ్ల కిందట ఒక ఎండాకాలం, పారదర్శకమైన పసుపు సెల్యులాయిడ్ పిడి చాకు ఒకదాన్ని నాలుగు ఎముక పిడుల వాటితో కలిపి చెక్కపెట్టెలో పెట్టి అల్మారాలో తోశాను. ఒకరోజు మా ఆవిడ ఆ అల్మారా తెరిచి, "ఏమండీ, ఇక్కడ కర్పూరం పెట్టారా? ఘాటుగా ముక్కుకు కొడుతోంది" అంది. పెట్టె తీసి చూస్తే పసుపు పిడి అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి, దాని బ్లేడు ఎర్రగా తుప్పెక్కింది, ఇత్తడి లైనర్ పచ్చగా చిలుము పట్టింది. పక్కనున్న నాలుగింటిలో మూడింటి బ్లేడుల మీద కూడా తుప్పు చుక్కలు. సెల్యులాయిడ్ విరిగిపోవడం మొదలైతే నైట్రోజన్ ఆక్సైడ్ ఆవిర్లు వస్తాయి, గాలిలోని తేమతో కలిసి అవి ఆమ్లంగా మారతాయి. ఒక చాకు చెడితే దాని పక్కవాటికీ అంటుతుంది. పారదర్శకమైనవి, తాబేటిచిప్ప రంగువి అన్నిటికన్నా ముందు పోతాయి. నా పెట్టెలో చెడినవి బాగుచేయడానికి వీలుకాని చాకులు, వాటిలో ఒకటి నాకు మా ఊరి మిత్రుడు ఇచ్చింది.

కొనాలనిపిస్తే కొనండి, నేనూ రెండు ఉంచుకున్నాను. కానీ ఒక్కోదాన్ని విడిగా, గాలి ఆడేచోట, చల్లగా పెట్టాలి. మూత బిగించిన డబ్బాలో అసలే వద్దు. నెలకోసారి తీసి వాసన, బ్లేడు వెన్ను చూడాలి. ఇంత కాపలా కాయలేననుకునేవాళ్లకు సెల్యులాయిడ్ వద్దని నా సలహా.

డెల్రిన్ దీనికి పూర్తిగా ఎదురు. డ్యూపాంట్ కంపెనీ 1960లో మార్కెట్లోకి తెచ్చిన ప్లాస్టిక్ ఇది. పగలదు, కుంచించుకుపోదు, ఆవిర్లు రావు. కొమ్ము గరుకును తెప్పించడానికి ఎముకకు గాట్లు పెట్టారు, ఆ ఎముక గాట్లను తెప్పించడానికి డెల్రిన్‌ను అచ్చు పోశారు. ష్రేడ్ వాళ్ల ఓల్డ్ టైమర్ చాకుల్లో లెక్కలేనన్ని ఇలాంటివే. పనికి దీన్ని మించినది లేదు, రోజూ పార్సిళ్లు కోయడానికి నేను వాడేదీ అదే. సేకరణగా మాత్రం నన్ను లాగదు, యాభై ఏళ్ల తర్వాత కూడా నిన్న కొన్నట్టే ఉంటుంది. ఎముకనీ డెల్రిన్‌నీ విడదీయడం సులువు. పది రెట్ల భూతద్దంతో పిడి అంచును చూడండి. ఎముకలో రక్తనాళాలు నడిచిన సన్నని గీతలు, చుక్కలు కనబడతాయి. డెల్రిన్ అంచు ఖాళీగా ఉంటుంది.

ముత్యపుచిప్ప చిన్న పెన్ నైఫ్‌లకు బాగుంటుంది, కింద పడితే పెచ్చు లేస్తుంది. కోకోబోలో, ఎబొనీ చెక్కలు నికరమైనవి, పనివాళ్ల చాకులకు వేసేవాళ్లు. గేదె కొమ్మును పురుగు తింటుంది.

మొదటి చాకు కొనేవాళ్లు నా మాట వింటే 1970ల నాటి కేస్ ఎముక పిడిది చూసుకోండి. 1970లో టాంగ్ మీద పది చుక్కలు పెట్టి, ఏడాదికొకటి తగ్గిస్తూ 1979కి ఒక్క చుక్కకు వచ్చారు. కాబట్టి ఏ సంవత్సరానిదో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ట్రాపర్ గానీ, మూడు బ్లేడుల 6318 స్టాక్‌మన్ గానీ తీసుకోండి. 1970 కన్నా వెనక్కి పోతే ధరతో పాటు దొంగపిడుల బెడదా పెరుగుతుంది. కొద్దిగా అరిగినదే ఎంచుకోండి, గాట్లన్నీ పదునుగా మెరుస్తున్నదానికి ఎక్కువ డబ్బు పెట్టకండి. ఇంటికి తెచ్చాక కీళ్లలో ఒక్క చుక్క మినరల్ ఆయిల్, పిడికి పల్చగా మైనం చాలు. తోలు సంచిలో మాత్రం దాచకండి, తోలులో ఉండే ఆమ్లం ఇత్తడి మీద చిలుము పుట్టిస్తుంది. నా 6254 ఇప్పుడు కాటన్ గుడ్డలో, నేను కూర్చునే బల్ల సొరుగులో ఒంటరిగా ఉంది. సెల్యులాయిడ్‌వి రెండూ పక్క గదిలో, కిటికీకి దూరంగా, విడివిడి కాగితాల మీద ఉన్నాయి.