బౌలింగ్ గ్రీన్‌లో కార్వెట్ కోసం రెండు రోజులు

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో 30 ఏళ్ళు టింకరింగ్ పని చేశారు. అట్లాంటాలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా నయాగరా, వాషింగ్టన్ అంటూ తిప్పాను. అన్నిచోట్లా "బాగుందిరా" అన్నారు. కానీ ఒకరోజు హైవే మీద జనరల్ మోటార్స్ వాళ్ళ షెవర్లే స్పోర్ట్స్ కారు, పాత కార్వెట్ ఒకటి మా పక్కనుంచి దూసుకుపోతే, అది కనుమరుగయ్యేదాకా మెడ తిప్పి చూస్తూనే ఉన్నారు. ఈసారి ఎక్కడికి తీసుకెళ్ళాలో నాకు అప్పుడే తెలిసింది.

కెంటకీలోని బౌలింగ్ గ్రీన్ అట్లాంటా నుంచి కారులో సుమారు ఐదు గంటలు, నాష్‌విల్ నుంచి అయితే గంట. 1981 నుంచి కార్వెట్ తయారయ్యేది ఈ ఊళ్ళోనే. నేషనల్ కార్వెట్ మ్యూజియం ఆ ఫ్యాక్టరీకి దగ్గర్లోనే ఉంది. ఇది సెంట్రల్ టైమ్, మాకన్నా గంట వెనక. వెళ్ళేటప్పుడు ఆ గంట కలిసొచ్చింది.

మొదటి రాత్రి హైవే పక్కన ఒక మోటెల్‌లో దిగాం. దాని గురించి చెప్పుకోడానికి ఏమీ లేదు. ఏసీ రాత్రంతా లారీ ఇంజన్‌లా మోగింది, రెండోసారి అడిగినా గది మార్చలేదు. పొద్దున టిఫిన్‌లో శాకాహారులకు దొరికింది బ్రెడ్డు, అరటిపండు. అమ్మ కట్టిన పులిహోర లేకపోతే ఇబ్బంది పడేవాళ్ళం.

మ్యూజియం అంటే పసుపుపచ్చ శంకువు ఆకారం, దాని మీంచి ఎర్రటి స్తంభం. ఎగ్జిట్ దిగగానే కనిపిస్తుంది. ఇది జనరల్ మోటార్స్‌ది కాదు, అభిమానుల అండతో విడిగా నడిచే సంస్థ. ఆ తేడా లోపల తెలుస్తుంది. అక్కడ మాట్లాడినవాళ్ళకి కారు చరిత్ర నోటికి వచ్చు, ఎంతసేపు అడిగినా విసుక్కోలేదు.

1953 నాటి మొదటి కార్వెట్ దగ్గరే నాన్న ఆగిపోయారు. ఆ ఏడాది మిషిగన్‌లోని ఫ్లింట్‌లో చేతిపనిగా కట్టినవి 300 మాత్రమే. అన్నీ తెలుపే, లోపల ఎరుపు. "హ్యాండిల్ ఏదిరా?" అన్నారు. బయట హ్యాండిల్ లేదు, చెయ్యి లోపలికి పెట్టి తీసుకోవాలి. బాడీ అంతా రేకు కాదు, ఫైబర్‌గ్లాస్, అంటే గాజు పోగులు కలిపిన ప్లాస్టిక్. ఇంజన్ ఆరు సిలిండర్లు, 150 హార్స్ పవర్, రెండే గేర్ల ఆటోమేటిక్. చూపులకు ఉన్నంత సత్తా పరుగులో లేదు. దాన్ని అసలైన స్పోర్ట్స్ కారుగా మార్చినవాళ్ళలో ముందు చెప్పాల్సిన పేరు జోరా ఆర్కస్-డంటోవ్. 1953లో న్యూయార్క్ ప్రదర్శనలో ఈ కారు చూసి, మనసు పారేసుకుని, షెవర్లే కంపెనీకి ఉత్తరం రాసి ఉద్యోగంలో చేరిన ఇంజనీర్. 1955లో ఎనిమిది సిలిండర్ల వి8 ఇంజన్ వచ్చింది. ఆయన చితాభస్మం ఈ మ్యూజియంలోనే ఉంది. ఆ మాట చెప్పగానే నాన్న చెప్పులు విప్పబోయారు.

నేను ఎక్కువసేపు నిలబడింది 1963 స్టింగ్ రే కూపే ముందు. కార్వెట్లలో మొదటి కూపే, అంటే గట్టి పైకప్పున్న రెండు తలుపుల బండి, ఇదే. ముక్కు మీద మొదలైన గీత పైకప్పు మీదుగా వెనక్కి జారి, వెనక అద్దాన్ని రెండుగా చీల్చి తోక దాకా పోతుంది. డిజైన్ పెద్ద బిల్ మిచెల్‌కి ఆ గీత ప్రాణం. వెనక ఏమొస్తుందో కనపడదని డంటోవ్ అభ్యంతరం. 1964కల్లా డంటోవ్ మాటే నెగ్గింది, అద్దం ఒకటైపోయింది. కొందరు యజమానులు తమ 63 మోడల్‌కి కూడా మధ్య పట్టీ కోసేసి కొత్త అద్దం పెట్టించుకున్నారట. ఇప్పుడు ఆ చీలిక ఉన్న బండి కోసమే కొనేవాళ్ళు ఎగబడతారు. డంటోవ్ చెప్పింది నిజమే, అయినా నా ఓటు మిచెల్‌కే. పక్కకి వంగి ఆ గీతను చివరిదాకా చూస్తే మీరూ అదే అంటారు.

నాన్నని పట్టేసింది మాత్రం దాని కింది భాగం. వెనక చక్రాలకి ఇండిపెండెంట్ సస్పెన్షన్, అంటే ఏ చక్రానికి ఆ చక్రం విడిగా ఊగుతుంది, దానికి స్ప్రింగ్ ఏంటంటే లారీల్లో ఉండే కమాన్ కట్టే! కాకపోతే బండి పొడవునా కాదు, ఈ చక్రం నుంచి ఆ చక్రానికి అడ్డంగా. 1981లో కొన్ని బళ్ళలో ఆ ఉక్కు పట్టీల బదులు ఒక్క ఫైబర్‌గ్లాస్ పట్టీ పెట్టారు. తర్వాత 2019 మోడల్ దాకా అదే పద్ధతి. ఇంజన్ మధ్యకి మారిన 2020 మోడల్‌తో అది పోయి కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. "కమాన్ కట్టతో ఇంత స్పీడా" అని నాన్న సాయంత్రం దాకా అంటూనే ఉన్నారు.

ఇక ఆ శంకువు ఆకారపు హాలు, స్కైడోమ్. 2014 ఫిబ్రవరి 12 తెల్లవారుజామున దీని నేల కుంగిపోయి 8 కార్వెట్లు గోతిలో పడ్డాయి. సుమారు 40 అడుగుల వెడల్పు, 30 అడుగుల లోతు. ఎవరూ లేని వేళ కాబట్టి ప్రాణనష్టం లేదు. ఇక్కడి భూమి కింద అంతా సున్నపురాయి, నీళ్ళు దాన్ని కరిగించి గుహలు చేస్తాయి. మన బెలూం గుహలు ఏర్పడింది కూడా అలాగే. మూడు కార్లను బాగుచేశారు. వాటిలో జెడ్‌ఆర్1 అనే నీలం రంగు కార్వెట్ గోతిలోంచి తీశాక స్టార్ట్ అయి సొంతంగా కదిలింది కూడా. 1992 నాటి పది లక్షలవ కార్వెట్‌ని బాగుచేస్తున్నప్పుడు, దాన్ని కట్టిన కార్మికులు భాగాల మీద చేసిన సంతకాలు బయటపడితే, వాటిని పోనివ్వకుండా కాపాడారు. మిగతా ఐదూ నలిగిన స్థితిలోనే ప్రదర్శనలో ఉన్నాయి.

ఆ ఐదింటిలో ఒకటైన 2001 నాటి మ్యాలెట్ హ్యామర్, అంటే మ్యాలెట్ అనే సంస్థ మార్పులు చేసిన కార్వెట్, దగ్గర నాన్న చాలాసేపు నిలబడ్డారు. గోతిలోంచి అన్నిటికన్నా చివర బయటికొచ్చింది అదే. పైకప్పు, డోర్లు, బానెట్ ఏది ఏదో పోల్చుకోలేం. ఎన్ని యాక్సిడెంట్ బళ్ళకు ప్రాణం పోశారో ఆయన. "ఇది అవదురా" అన్నారు మెల్లగా. కాసేపాగి, "అలా ఉంచడమే మంచిది" అన్నారు. మెరిసే బళ్ళు ఏ షోరూంలోనైనా దొరుకుతాయి. చితికిపోయినదాన్ని కూడా పారెయ్యకుండా, లైటు వేసి, పేరు రాసి పెట్టుకోవడం చూశాకే ఈ కారంటే ఇక్కడివాళ్ళకి ఎంత ఇష్టమో నాకు అర్థమైంది.

ఫ్యాక్టరీ టూర్ మాకు కుదరలేదు. అది ఎప్పుడూ ఉండేది కాదు, బయల్దేరేముందే కనుక్కోండి. కొత్త కార్వెట్ కొనేవాళ్ళు ఆర్8సీ అనే ఆప్షన్ పెట్టుకుంటే తాళాలు మ్యూజియంలోనే అందుకోవచ్చు. కనీసం సగం రోజు కేటాయించండి. నడవలేనివాళ్ళకీ పెద్ద కష్టం లేదు, మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ అంతా చూసింది.

రెండో రాత్రి మ్యామత్ కేవ్ అనే పెద్ద గుహ ఉన్న నేషనల్ పార్కులోని లాడ్జిలో ఉన్నాం. మ్యూజియం నుంచి ముప్పావు గంట దారి. గది మామూలుదే, కానీ తలుపు తీస్తే అడవి, రాత్రి కీచురాళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్ళీ వెళ్తే రెండు రాత్రులూ అక్కడే ఉంటాను. పార్కులోకి ప్రవేశం ఉచితం, గుహ టూర్ టికెట్లు మాత్రం ముందే బుక్ చేసుకోవాలి. ఎండాకాలమైనా లోపల 12, 13 డిగ్రీలే, స్వెటర్ తప్పనిసరి. హిస్టారిక్ టూర్‌లో 500కి పైగా మెట్లు. పెద్దవాళ్ళుంటే మెట్లు తక్కువుండే ఫ్రోజెన్ నయాగరా అనే గుహ టూర్ తీసుకోండి.

తిరుగు ప్రయాణంలో నాన్న మళ్ళీ ఒకసారి మ్యూజియం దగ్గర ఆపమన్నారు. లోపలికి కాదు, పార్కింగ్‌లో బళ్ళు చూద్దామని. డెబ్బై దాటిన ఒకాయన తన 70ల నాటి కార్వెట్ బానెట్ తీసి ఏదో సర్దుకుంటున్నారు. నాన్న చూపు చూసి రమ్మని చెయ్యి ఊపారు. ఒకరి భాష ఒకరికి రాదు. నాన్న సైగతో అనుమతి అడిగి ఫెండర్ మీద గోటితో కొట్టి చూశారు. రేకు మోగినట్టు మోగలేదు. తర్వాత అంచు కిందికి వేళ్ళు పోనిచ్చి ఒకచోట ఆగి, "ఇక్కడ అతుకేశార్రా, పని బాగా చేశాడు" అన్నారు. ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నాన్న చెయ్యి పట్టుకుని, పాతికేళ్ళ కిందట తన గ్యారేజీలో తనే వేసుకున్న అతుకది అన్నారు.