సోలార్ ప్యానెల్ వాలు: సైన్‌తోనా, కొసైన్‌తోనా?

అనంతపురం దాదాపు 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందుకే ఇక్కడ మేడ మీద సోలార్ ప్యానెల్‌ను దక్షిణానికి తిప్పి, సుమారు 15 డిగ్రీల వాలు ఇస్తే మంచిది. స్టాండ్ బిగించాక ఆ వాలు సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి టేపు, కాలిక్యులేటర్ చాలు.

ప్యానెల్ పొడవు 200 సెం.మీ. అనుకోండి, అదే కర్ణం. పై అంచు కింది అంచు కన్నా 52 సెం.మీ. ఎత్తులో ఉంది. ఎత్తును కర్ణంతో భాగిస్తే వచ్చేదే సైన్: 52ను 200తో భాగిస్తే 0.26. షిఫ్ట్, సైన్ నొక్కితే 15.1 డిగ్రీలు. టేపు కాస్త జారి 53 వచ్చినా 15.4. పర్వాలేదు.

కొసైన్‌కి ఆసన్న భుజం, అంటే కింద అడ్డంగా ఉన్న దూరం కావాలి. అది 193 వస్తే, దాన్ని 200తో భాగించి షిఫ్ట్, కాస్ నొక్కితే 15.2 డిగ్రీలు. అదే 192 అని చదివారా, 16.3! ఒక్క సెంటీమీటరుకే డిగ్రీ పైన తేడా. చిన్న కోణాల దగ్గర కొసైన్ విలువ చాలా నెమ్మదిగా మారుతుంది మరి. పైగా ఆ దూరం కొలవాలంటే పై అంచు నుంచి దారానికి గుండు కట్టి వేలాడదీయాలి. మేడ మీద గాలికి అది ఒకచోట నిలవదు.

నా ఓటు సైన్‌కే. గోడకు ఆనించిన నిచ్చెన దగ్గర మాత్రం కోణం పెద్దది కాబట్టి లెక్క తిరగబడుతుంది: 4 మీటర్ల నిచ్చెన కాలు గోడకు మీటరు దూరంలో ఉంటే, కొసైన్‌తో 75.5 డిగ్రీలని నమ్మకంగా చెప్పొచ్చు. అన్నట్టు, కాలిక్యులేటర్ డిగ్రీ మోడ్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి.