చెవిలో గులిమి: చుక్కలా, నీళ్లా, సక్షనా? ఏది మేలు?

గులిమి మురికి కాదు. దుమ్మునూ క్రిములనూ అడ్డుకోవడానికి చెవి తయారుచేసుకునే రక్షణ అది. చెవి నాళంలో బయటివైపు భాగంలోనే ఊరుతుంది. లోపలి చర్మం మెల్లగా బయటికి జరుగుతూ, నమిలేటప్పుడు దవడ కదలిక తోడవుతూ, దానంతటదే బయటికొస్తుంది. చెవి దిబ్బడ వేసినా, వినికిడి తగ్గినా, హోరు మొదలైనా తీయించుకోవాలి. ఏ ఇబ్బందీ లేకపోతే దాన్ని ముట్టుకోవద్దు.

ఇయర్ బడ్స్‌ను ఈ పోలికలో చేర్చడం లేదు. దూదికి కాస్త అంటుకొస్తుంది, మిగిలిందంతా కర్ణభేరి వైపు వెళ్లి గట్టిపడుతుంది. పిన్నీసులు, అగ్గిపుల్లలు అంతకన్నా ప్రమాదం. చెవిలో వెలిగించే కొవ్వొత్తులు గులిమిని లాగవు; కరిగిన మైనం లోపల పడి కాలుతుంది.

ఇంట్లో మొదలుపెట్టాల్సింది చుక్కలతోనే. ఆలివ్ నూనె గానీ, 5 శాతం సోడియం బైకార్బొనేట్ చుక్కలు గానీ చాలు, ఒకటి మరొకదానికన్నా స్పష్టంగా మేలని తేలలేదు. బైకార్బొనేట్‌తో చర్మం పొడిబారుతుంది కాబట్టి చెవిలో తామర, దురద ఉన్నవారికి నూనే నయం. పక్కకు తిరిగి పడుకుని, చెవిని పైకీ వెనక్కీ లాగి, 3–4 చుక్కలు వేసి 5–10 నిమిషాలు కదలకుండా ఉండాలి. రోజుకు రెండుసార్లు, 3 నుంచి 5 రోజులు. నూనెను వేడి చేయకండి, సీసాను కాసేపు గుప్పిట్లో పట్టుకుంటే సరిపోతుంది. మధ్యలో గులిమి ఉబ్బి దిబ్బడ పెరగవచ్చు. సరిగ్గా అప్పుడే చాలామంది పుల్లతో కెలికి పాడుచేసుకుంటారు.

చుక్కలతో మెత్తబడినా బయటికి రాకపోతే నీళ్లతో కడిగించుకోవచ్చు. ఇక్కడ నీటి వేడే కీలకం: దాదాపు 37 డిగ్రీలు ఉండాలి. చల్లగానో, వేడిగానో ఉంటే లోపలి చెవి కలవరపడి కళ్లు తిరుగుతాయి, వాంతి వస్తుంది. ధారను నేరుగా కర్ణభేరి మీదికి కాక, నాళం పైగోడ వెంబడి వెనక్కి వదలాలి. నొప్పి పుడితే వెంటనే ఆపాలి. ఈ ఒడుపు తెలిసిన నర్సు చేతిలోనే ఇది భద్రం, ఇంట్లో సిరంజితో వద్దంటాం.

సక్షన్‌లో డాక్టర్ మైక్రోస్కోప్‌తో చూస్తూ సన్నని గొట్టంతో లాగేస్తారు. చప్పుడెక్కువ, ఒక్కోసారి కాసేపు తల తిరుగుతుంది. కానీ తడి ఉండదు, కళ్లెదుటే పని జరుగుతుంది. ఖర్చూ, డాక్టర్ దగ్గరికి వెళ్లే శ్రమా పక్కనపెడితే మా ఓటు దీనికే. కర్ణభేరికి రంధ్రం ఉన్నవారు, చెవి ఆపరేషన్ అయినవారు, చీము కారుతున్నవారు, ఒక్క చెవితోనే వినగలిగేవారు నీళ్ల జోలికే పోవద్దు. చుక్కలు కూడా అడగకుండా వేసుకోవద్దు. మధుమేహం ఉన్నవారికీ సక్షనే మంచిది. కడిగాక మిగిలిన తడి వారిలో తీవ్రమైన ఇన్ఫెక్షన్‌కు దారితీయవచ్చు.

గులిమి పోయాక కూడా వినికిడి రాలేదంటే కారణం వేరే ఉంది. ఒక చెవి ఉన్నట్టుండి వినబడకుండా పోతే, గులిమే అనుకుని చుక్కలు వేస్తూ కూర్చోకండి. అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాలి. నరం దెబ్బతిని ఉంటే చికిత్స ఆలస్యమైన కొద్దీ వినికిడి తిరిగొచ్చే అవకాశం తగ్గుతుంది.