పిల్లల సైకిలుకు సరిపోతాయని చెప్పి అమ్ముతున్న రోలర్లతో జాగ్రత్త

రాజమహేంద్రవరంలో సైకిలు సామాను అమ్మే ఆ దుకాణం పేరు నేను ఇక్కడ రాయడం లేదు. వాట్సాప్ స్టేటస్‌లో ఫొటోలు పెట్టి, డబ్బు అందగానే ఆర్టీసీ కార్గోలో పార్సిల్ పంపే ఆ పెద్దమనిషి ఎవరో పాలకొల్లు, నరసాపురం, భీమవరం ప్రాంతాల్లో పిల్లలకు సైకిళ్లు కొన్నవారిలో చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. వర్షాలకు మా కాలువగట్టు దారి బురదమయమైంది. మెయిన్ రోడ్డు మీద చేపల లారీలు నీళ్లు కార్చుకుంటూ దూసుకుపోతుంటాయి. ఎనిమిదేళ్ల మా అమ్మాయి ఇంట్లోనే తొక్కుకుంటుంది కదా అని రూ.7,500 పెట్టి రోలర్లు తెప్పించాను.

ఈ రోలర్ల సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు చెబుతాను. ఫ్రేములో మూడు డ్రమ్ములు ఉంటాయి. వెనుకచక్రం రెండు డ్రమ్ముల నడుమ కూర్చుంటుంది, ముందుచక్రం మూడో డ్రమ్ము మీద నిలుస్తుంది, వెనుక డ్రమ్ము తిరిగినప్పుడు బెల్టు ముందు డ్రమ్మును కూడా తిప్పుతుంది కాబట్టి రెండు చక్రాలూ కదులుతూ, తొక్కేవారు రోడ్డు మీద లాగానే తూకం నిలుపుకోవాల్సి ఉంటుంది. సైకిలును దేనికీ బిగించరు. అందువల్ల ముందు డ్రమ్ము ఎక్కడ ఉందన్నదే ఇందులో ప్రాణం. అది ముందుచక్రం ఇరుసు కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు ముందుకు ఉండాలి, అంతకు మించకూడదు. పెద్దల సైకిలులో రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు ఒక మీటరు ఉంటే, 20 అంగుళాల చక్రాలున్న పిల్లల సైకిలులో అది బాగా తక్కువగా ఉంటుంది.

ఈ సంగతి తెలుసు కనుకనే డబ్బు పంపడానికి ముందే మా అమ్మాయి సైకిలు ఇరుసుల మధ్య టేపు పట్టి, 87 సెంటీమీటర్ల అంకె స్పష్టంగా కనిపించేలా ఫొటో తీసి ఆయనకు పంపాను. దానికి ఆయన వాయిస్ మెసేజ్ పెట్టారు: "ఆయ్, బేషుగ్గా సరిపోద్దండి. పిల్లల సైకిలుకనే తెప్పించామండి, మీరు నిశ్చింతగా ఉండండి."

మర్నాడే పార్సిల్ వచ్చింది. పంపడంలో ఆయన చురుకుదనాన్ని మెచ్చుకోవలసిందే. ముందు డ్రమ్మును ఫ్రేములోని అన్ని బెజ్జాలలోకీ దగ్గరి బెజ్జంలో బిగించి కొలిచినా, వెనుక డ్రమ్ముల నడిమి నుంచి 96 సెంటీమీటర్ల దగ్గరే ఆగింది. ఆ తొమ్మిది సెంటీమీటర్ల తేడా వల్ల ముందుచక్రం డ్రమ్ము నెత్తి మీద కాకుండా దాని వెనుక వాలు మీద ఒరిగి కూర్చుంది. వెనుక డ్రమ్ముల మధ్య ఎడం కూడా పెద్ద చక్రాలకు ఉద్దేశించినదే కావడంతో చిన్న చక్రం వాటి నడుమ లోతుకు దిగబడి, సైడ్ స్టాండు కొస ఫ్రేముకు తగులుతోంది. స్టాండు విప్పేసి, కొత్తవారు చేయవలసినట్లుగానే గుమ్మం మధ్యలో రోలర్లు పెట్టి, సీటు వెనుక నేను పట్టుకుని అమ్మాయిని ఎక్కించాను. రెండు తొక్కులు తొక్కిందో లేదో, హ్యాండిల్ వెంట్రుకవాసి కదలగానే ముందుచక్రం డ్రమ్ము మీద పక్కకు జారి ఫ్రేము పట్టీ మీద పడింది. నేను పట్టుకుని ఉన్నాను కాబట్టి పిల్ల పడలేదు, బెల్టు మాత్రం ఊడింది.

ఫోన్ చేస్తే ఆయన ఇచ్చిన సలహా అమోఘం. "వెల్డింగ్ షాపులో ఇంకో బెజ్జం వేయించుకోండి, అయిపోద్ది" అన్నారు. బెజ్జం వేయించి ఉంటే ఇక సరుకు వెనక్కి తీసుకోమని అడిగే ముఖమే నాకు ఉండేది కాదు.

అందుకే రోలర్లను కారులో వేసుకుని, అమ్మాయిని కూడా వెంటబెట్టుకుని నేరుగా దుకాణానికే వెళ్లాను. కౌంటర్ దగ్గర నలుగురు కొనుగోలుదారులు ఉన్నారు. నేను కొలత చెబుతుండగానే ఆయన నవ్వి, "మీ పిల్ల సైకిలు పొట్టిదైతే నేనేం చేసేదండి? సాగదీసుకోండి" అన్నారు. ఆ నలుగురూ నవ్వారు, మా అమ్మాయి తల దించుకుంది. సరిపోతుందని మీరే చెప్పారు కదా అని నేను ఫోన్ బయటికి తీసేసరికి, ఆయన కూడా తన ఫోన్ తీసి, ఏదో లెక్క చూసుకుంటున్నట్లుగా వేలు నొక్కి పెట్టారు. నా కళ్ల ముందే, నేను తెరిచి పట్టుకున్న సంభాషణలోంచి ఆ వాయిస్ మెసేజ్ మాయమై, దాన్ని తొలగించినట్లు చెప్పే బూడిదరంగు వాక్యం మిగిలింది. ఆ తర్వాత ఆయన తల ఎత్తి, ఎంతో మర్యాదగా, "ఏ మెసేజ్ అండి?" అని అడిగారు. నేను ఇన్నేళ్లలో ఎందరో వ్యాపారులతో బేరాలాడాను, తగాదా కూడా పడ్డాను, కానీ ఎదుటి మనిషిని చూస్తూనే సాక్ష్యం చెరిపేసేంత నిబ్బరం ఎక్కడా చూడలేదు. బిల్లు అడిగితే "అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు" అన్న ముద్ర ఉన్న ఎస్టిమేట్ చీటీ చేతిలో పెట్టారు.

ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. ఆ మెసేజ్‌ను నేను కొనడానికి ముందే మా బావగారికి ఫార్వర్డ్ చేసి అభిప్రాయం అడిగాను, పంపినవారు తమ దగ్గర తొలగించినా ఫార్వర్డ్ అయిన కాపీ పోదు. దానితోనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతే. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడమూ అంతే. హెల్ప్‌లైన్‌లో తేలకపోతే మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, రూ.5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు.

మీరు రోలర్లు కొనేటట్లయితే "ఏ సైకిలుకైనా సరిపోతుంది" అన్న మాట వినకండి, అతి దగ్గరి బెజ్జం దూరం ఎంతో టేపు పెట్టి ఫొటో పంపమనండి, వచ్చిన జవాబును వెంటనే స్క్రీన్‌షాట్ తీసి ఇంకొకరికి పంపి ఉంచండి. ఈ ఉదయం ఆయన స్టేటస్‌లో అవే రోలర్లు మళ్లీ కనిపించాయి. ఈసారి ధర రూ.7,000, కింద "పిల్లల స్పెషల్" అని రాసి ఉంది.