కాగితం మీది పచ్చరంగు, లోయర్ ఆర్మ్ బుష్: 42,000 కిలోమీటర్ల తరువాత నా సమీక్ష

విజయనగరంలో ఉంటూ ఉద్యోగరీత్యా వారానికి రెండుసార్లు శ్రీకాకుళం వెళ్లి వచ్చే నాకు, కోరాపుట్‌లో స్థిరపడిన మా అక్కగారి ఇంటికి రెండు నెలలకొకసారి సాలూరు ఘాట్ ఎక్కే పని కూడా ఉంటుంది. ఈ రెండు దారులూ కారును వేరువేరు విధాలుగా పరీక్షిస్తాయి. నాతవలస దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కాక పైడిభీమవరం, రణస్థలం, చిలకపాలెం మీదుగా సాగే దారి తిన్ననిది, వేగమైనది. అక్కడ స్టీరింగ్ వదులుగా పట్టుకున్నా కారు తన వరుసలోనే పోవాలి. సాలూరు దాటాక 26వ నంబరు రహదారి మీద మలుపు వెంట మలుపు, ఎదురుగా బరువు లారీలు, వానాకాలమైతే తారు లేచిపోయిన గోతులు. అక్కడ తిప్పినంతే తిరగాలి, తిరిగిన చోట నిలవాలి. 2017లో కొన్న నా పెట్రోలు హ్యాచ్‌బ్యాక్‌కు ఈ రెండు గుణాలూ తెప్పించాలని 2022 జనవరిలో ముందు సస్పెన్షన్ బాగు చేయించి, దాని మీద అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాల సర్దుబాటు, పెట్టించాను. నేటికి 42,000 కిలోమీటర్లు నడిచింది.

అంతకుముందు సంవత్సరం పడిన తిప్పలు చెప్పకపోతే ఈ సమీక్షకు అర్థం ఉండదు. 2021 వేసవిలో ముందు టైర్ల లోపలి అంచులు చెయ్యి పెడితే గరుకుగా, రంపం పళ్లలా తగలడం మొదలైంది. ఆ టైర్లు అప్పటికి 18,000 కిలోమీటర్లే తిరిగాయి. బయటి సగం కొత్తదానిలాగే ఉంది, లోపలి అంచున మాత్రం తీగ కనబడడానికి ఎంతో దూరం లేదు. ఆరు నెలల్లో మూడుసార్లు అలైన్‌మెంట్ చేయించాను. మూడుసార్లూ యంత్రం ఇచ్చిన కాగితం మీద అన్ని గడులూ పచ్చగానే, అంటే కొలతలు హద్దుల్లోనే ఉన్నట్లు వచ్చాయి, మూడుసార్లూ రెండు వారాలు తిరక్కుండానే కారు మళ్లీ ఎడమకు జరగసాగింది. మన రోడ్లు ఎడమ అంచుకు కొద్దిగా వాలి ఉంటాయి కనుక కారు కాస్త ఎడమకు జారడం సహజమేనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ బ్రేకు నొక్కినప్పుడు ఒకలాగా, యాక్సిలరేటరు తొక్కినప్పుడు మరొకలాగా స్టీరింగ్ లాగడం రోడ్డు వాలు వల్ల జరిగే పని కాదు.

చివరికి ఒక పెద్దాయన, షెడ్డు పాతదే, యంత్రాలు కూడా పెద్దగా లేవు, నా మూడు కాగితాలూ చూసి నవ్వి, “కాయితం పచ్చగానే ఉంది బాబూ, బుష్షే సచ్చిపోనాది” అన్నారు. కారును జాకీ మీద లేపి, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కారు అడుగుకు కలిపే ఇనుప చెయ్యి) వెనక బుష్ (ఆ చెయ్యి కీలులో ఉండే రబ్బరు) దగ్గర లివరు రాడ్డు పెట్టి కదిపి చూపించారు. ఆర్మ్ వేలెడంత కదిలింది అంటే అతిశయోక్తి గానీ, కంటికి స్పష్టంగా కనిపించేంత కదిలింది. ఆ ఒక్క కదలికలో నా సందేహాలన్నీ తీరాయి. అలైన్‌మెంట్ యంత్రం మీద కారు కదలకుండా నిలబడి ఉంటుంది, చక్రాన్ని ఎవరూ వెనక్కి నెట్టరు. కాబట్టి అరిగిన బుష్ కూడా తన స్థానంలోనే ఉన్నట్లు కనిపించి కొలతలు సరిగానే చూపిస్తుంది. రోడ్డు మీద బ్రేకు పడగానే చక్రం ఆ సందు మేరకు వెనక్కి పోతుంది, దానితో పాటు టో, క్యాస్టర్ అనే చక్రం కోణాలు రెండూ (వాటి సంగతి కింద చెబుతాను) మారిపోతాయి. అంటే డ్రైవరు తిప్పకుండానే చక్రం తనంతట తాను తిరుగుతుంది.

ఇక్కడ నా మనసులో ఇప్పటికీ మిగిలిపోయిన ఒక ఫిర్యాదు ఉంది. ఆ బుష్షులు అంతకు ఆరు నెలల ముందే, 2021 జులైలో, పట్టణంలోని మరొక దుకాణంలో కొత్తవి వేయించాను. సుమారు 7,000 కిలోమీటర్లకే చిరిగిపోయాయి. కారణం సామాను నాసిరకం కావడం కాదు. కారును లిఫ్టు మీద ఎత్తి, చక్రాలు గాలిలో వేలాడుతుండగానే ఆర్మ్ బోల్టులు పూర్తిగా బిగించేశారు. రబ్బరు బుష్ లోపలి గొట్టం బోల్టు బిగించిన భంగిమలోనే స్థిరపడుతుంది. తరువాత కారు నేలకు దిగి బరువు పడినప్పుడు ఆర్మ్ పైకి లేస్తే, కారు ఊరికే నిలబడి ఉన్నా రబ్బరు రాత్రింబవళ్లు మెలిపడే ఉంటుంది. తడిబట్ట పిండి అలాగే వదిలేసినట్లన్నమాట. సరైన పద్ధతిలో బోల్టులు చేత్తో పట్టించి, కారు బరువు చక్రాల మీదికి వచ్చాకే టార్క్ రెంచితో బిగించాలి. పెద్దాయన సరిగ్గా అదే చేశారు. ఈ సమీక్ష చదివేవారు మెకానిక్‌ను ఒక్క ప్రశ్న అడగదలిస్తే, ఇదే అడగాలి.

జనవరిలో చేయించిన పని ఇది. రెండు లోయర్ ఆర్మ్‌లు బాల్ జాయింట్లు (ఆర్మ్‌ను చక్రం వైపు కలిపే గుండ్రటి కీళ్లు), బుష్షులతో సహా పూర్తి సెట్టుగా 4,200 రూపాయలు, ముందు స్ట్రట్లు (స్ప్రింగును మోసే షాక్ అబ్జార్బర్ స్తంభాలు) రెండూ, వాటి పై మౌంటులు, బంప్ స్టాపులతో (దెబ్బ ఆపే రబ్బరు ముక్కలు) కలిపి 9,800, చక్రం వాలు సరిచేసే క్యాంబర్ బోల్టులు 1,600, కూలి 2,500, అలైన్‌మెంట్, బాలెన్సింగ్ 900. మొత్తం 19,000. టైర్లు వేరు. స్ప్రింగులు మార్చలేదు, ఎత్తు తగ్గించలేదు. అంతకుముందు వెనక స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు పెట్టించుకుని ఐదు నెలలు తిరిగాను. సామానుతో వెళ్లేటప్పుడు వెనక భాగం కుంగకుండా ఆపిన మాట నిజమే గానీ, ఘాట్ మలుపులో గతుకు తగిలితే వెనక చక్రం గెంతడం మొదలుపెట్టింది. షాక్ అబ్జార్బర్ అదుపు చేయగలిగిన దానికంటే స్ప్రింగు గట్టిబడితే జరిగేది అదే. వాటిని తీయించేశాను, ఇప్పటికీ అటక మీదే ఉన్నాయి.

అలైన్‌మెంట్ కొలతలకు వస్తే, మామూలు చిన్న కార్లలో ముందువైపు కంపెనీ సర్దుబాటుకు వదిలేది టో ఒక్కటే. పైనుంచి చూసినప్పుడు రెండు ముందు చక్రాల ముక్కులు లోపలికి చూస్తున్నాయా, బయటికి చూస్తున్నాయా అన్నదే టో. కాగితం మీద పచ్చగా వచ్చిన కొలత మళ్లీ చెదిరిపోయి, నా కారులో అది మొత్తం 4 మిల్లీమీటర్లు బయటికి తెరుచుకుని ఉంది. 15 అంగుళాల రిమ్ము మీద ఒక్కో చక్రానికి 2 మిల్లీమీటర్లంటే ఎంతో చిన్న సంగతిలా కనిపిస్తుంది. కానీ లెక్క వేస్తే చక్రం ప్రతి కిలోమీటరుకు 5 మీటర్లకు పైగా అడ్డంగా ఈడ్చుకుంటూ పోయినట్లు. లోపలి అంచులు రంపం పళ్లు తేలడంలో ఆశ్చర్యం లేదు. ఇప్పుడు దాన్ని సున్నాకు కాస్త లోపలి వైపు, ఒక మిల్లీమీటరుకు మించకుండా పెట్టించాను.

క్యాంబర్ అంటే ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రం తల ఎటు వాలింది అన్నది. ఎడమ చక్రం 50 నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం) లోపలికి వాలి ఉండగా, కుడిది దాదాపు నిటారుగా ఉంది. ఇలాంటి అసమానత ఉన్నప్పుడు కారు నిటారుగా ఉన్న చక్రం వైపు జరగాలి, అంటే కుడికి. నాది ఎడమకు ఎందుకు జరిగిందంటే, ఎడమ బుష్ పోవడం వల్ల అటువైపు క్యాస్టర్ తగ్గిపోయి అది ఇంకా బలంగా తన వైపు లాగింది. క్యాస్టర్‌ను సైకిలు ముందు ఫోర్కు వాలుతో పోల్చుకోవచ్చు. ఏ వైపు తక్కువ ఉంటే కారు అటు పోతుంది. కొత్త ఆర్మ్‌లు వేయగానే, ఎవరూ ఏమీ తిప్పకుండానే, రెండు వైపుల క్యాస్టర్ మధ్య తేడా 10 నిమిషాలకు దిగిపోయింది. క్యాంబర్ మాత్రం బోల్టులతో రెండు వైపులా ఒక డిగ్రీ లోపలికి పెట్టించాను. తయారీదారు హద్దుకు ఇది చివరి అంచు. రోజూ ఊళ్లోనే తిరిగే వారికి ఇది అనవసరం. నాకు ఘాట్ ఉంది కాబట్టి కోరి పెట్టించుకున్నాను. మలుపులో కారు ఒరిగినప్పుడు బయటి వైపు టైరు నేలకు సమంగా ఆనడానికి ఆ వాలు పనికివస్తుంది. వెనక ఇరుసు సర్దుబాటుకు లొంగదు, కానీ దాన్ని కొలవకుండా ముందువి సరిచేస్తే స్టీరింగ్ చక్రం వంకరగా నిలుస్తుంది. కాబట్టి నాలుగు చక్రాలకూ కెమెరా గురిపలకలు తగిలించే చోటే చేయించాను.

నడకలో వచ్చిన మార్పు మొదటి వారంలోనే తెలిసింది, అయితే కొత్త స్ట్రట్లు మొదటి వెయ్యి కిలోమీటర్లు గట్టిగా ఉండి స్పీడ్ బ్రేకర్ల మీద విసుగు పుట్టించాయి. తరువాత సర్దుకున్నాయి. రహదారి మీద 90 వేగంలో వంతెనల అతుకులు దాటేటప్పుడు ఇంతకుముందు కారు ముందు భాగం రెండు మూడుసార్లు ఊగి నిలిచేది. ఇప్పుడు ఒక్కసారి దిగి లేచి ఊరుకుంటుంది. ఘాట్‌లో తేడా మరింత ఎక్కువ. పదునైన మలుపులో మొదట తిప్పి, సగంలో మళ్లీ సరిదిద్దుకునే అలవాటు నాకు తెలియకుండానే పోయింది. మలుపు దాటాక స్టీరింగ్ అరచేతుల్లోంచి తనంతట జారి మధ్యకు వస్తోంది. అక్కగారి అబ్బాయి దిగుతూ “మావయ్యా, ఈసారి నాకు వాంతి రాలేదు” అన్నాడు. నాకు అంతకంటే నమ్మకమైన కొలత లేదు.

లోపాలు లేకపోలేదు. క్యాంబర్ బోల్టు బలహీనత నాకు 14 నెలల తరువాత తెలిసింది. రణస్థలం దాటాక వాన రాత్రి నీళ్లు నిండిన గోతిలో కుడి చక్రం పడింది. మర్నాటి నుంచి స్టీరింగ్ ఒక గీత వంకర. కొలిపిస్తే కుడి క్యాంబర్ 25 నిమిషాలు జారింది. రిమ్ము వంగలేదు, ఆర్మ్ వంగలేదు, బోల్టే తిరిగింది. అప్పటి నుంచి బిగింపు మీద తెల్ల రంగుతో గీత పెట్టించి, ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి వేసే ప్రతిసారీ ఆ గీత కలుస్తోందా లేదా చూస్తున్నాను. ఇంకొకటి, ఎడమ స్ట్రట్ మౌంటు బేరింగు రెండో వేసవిలో ఇరుకు సందుల్లో తిప్పేటప్పుడు కిర్రుమనడం మొదలుపెట్టింది. 900 రూపాయలతో పోయింది గానీ, మౌంటు తీస్తే మళ్లీ అలైన్‌మెంట్ తప్పదు.

నిర్వహణలో నేను పాటించేవి కొన్ని. చల్లటి టైర్లలో 33 పీఎస్ఐ గాలి, పదిహేను రోజులకొకసారి. 8,000 కిలోమీటర్లకు ముందు, వెనక టైర్ల స్థానాల మార్పిడి. కొలతలకు వెళ్లేటప్పుడు డిక్కీ ఖాళీ, ట్యాంకు సగం. యంత్రం మీద ఎక్కించే ముందు లివరు రాడ్డుతో బుష్షులు, టైరాడ్ (స్టీరింగును చక్రానికి కలిపే కడ్డీ) చివరలు కదిపి చూడమని అడగడం. దీనికి మొహం చిట్లించే చోట నేను డబ్బు ఇవ్వను. సంక్రాంతి ముందు వారం, సిరిమానోత్సవం ముందు వారం అసలు వెళ్లను, అప్పుడు వరుసలో నిలబడిన కార్లకు ఎవరి బుష్ ఎవరు చూస్తారు?

గత ఆదివారం టైర్ల లోతు కొలిచాను. ముందువి రెండూ బయట 3.5, నడుమ 3.6, లోపల 3.1 మిల్లీమీటర్లు ఉన్నాయి. చట్టం చెప్పే కనీస లోతు 1.6. లోపలి వైపు ఆ అర మిల్లీమీటరు తేడా ఒక డిగ్రీ క్యాంబర్‌కు నేను కడుతున్న సుంకం. ఈ వానాకాలం ఘాట్ అయ్యాక టైర్లు మార్చేటప్పుడు దాన్ని 45 నిమిషాలకు తగ్గించి చూద్దామనుకుంటున్నాను.